దొరసాని కరెంటు నూనె

మా వంశానికి చివరికి మిగిలిన ఆస్తి ఒక ట్రాన్స్‌ఫార్మర్. ఇల్లు కూడా ఉంది కానీ దానికి వాటాదారులు చాలామంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో మాత్రం ఎవరూ వాటా అడగలేదు.

దేశ్‌ముఖ్ అయిన మా తాత నల్గొండ జిల్లాలో కోటలాంటి గడి వదిలేసి వచ్చి, మన్సూరాబాద్ పక్కన పొలాలు కొని రైస్ మిల్లు పెట్టినప్పుడు తెప్పించిన యంత్రం అది. ఆ చుట్టుపక్కల మా మిల్లుకు తప్ప ఇంకెవరికీ కరెంటు లేని రోజులని మా ఇంట్లో చెప్పుకునేవారు. తరువాత మిల్లు మూతపడింది. పొలం ప్లాట్లయింది, ప్లాట్లు కాలనీ అయ్యాయి. కాలనీకి మా తాత పేరు పెడతామని వచ్చి అడిగి, చివరికి ఒక దేవుడి పేరు పెట్టారు. దేవుడితో పోటీకి దిగడం మా ఇంటి పద్ధతి కాదు కనుక ఊరుకున్నాము.

ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి వెనక మూలన, రాతి దిమ్మె మీద, తీగ కంచె మధ్య నిలబడి ఉండేది. దానికి కనెక్షన్ తీసేసి ఎన్నో ఏళ్ళయింది. రంగు పెంకులుగా ఊడిపోయింది. అడుగున ఉన్న నల్లా దగ్గర నూనె చుక్కచుక్కగా కారేది. ఆ చుక్కల కింద మా మేనత్త ఒక కంచు గిన్నె పెట్టింది.

మా మేనత్త అంటే మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. మా నాన్న తరంలో మిగతావాళ్ళంతా పోయాక ఇంటి పెద్ద ఆమే. ఆ ఇంట్లో ఆమె, నేను ఉండేవాళ్ళం. కాలనీ వాళ్ళు ఆమెను దొరసాని అని పిలిచేవారు. నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ అలా పిలిచేవారు. గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చినవాళ్ళు అది ఆమె పేరనుకుని పిలిచేవారు.

కరెంటు నూనె కీళ్ళనొప్పులకు మంచిదని మా వైపు చాలామంది నమ్ముతారు. లైన్‌మన్‌ను బతిమాలి చిన్న సీసాలో పట్టించుకుని పోయేవాళ్ళను నేనెరుగుదును. తీగల్లో పారే శక్తి నూనెలోకి దిగుతుందని, రాస్తే అదే కీళ్ళలోకి ఎక్కుతుందని వాళ్ళ తర్కం. మా మేనత్త తర్కం దానికంటే ఒక మెట్టు పైన ఉండేది. మా తాత కొన్న యంత్రంలోని నూనె కాబట్టి అది ఊళ్ళో వాళ్ళ కరెంటు నూనె కంటే మేలైనదని ఆమె గట్టి నమ్మకం.

పొద్దున్నే గేటు దగ్గర నలుగురైనా ఉండేవారు.

"దొర్సానీ, మోకాళ్ళు లేస్తలెవ్వు. జర దయ చూడు."

"నిన్న గాక మొన్న ఇయ్యలే? తాగినవా ఏంది?"

"మా అత్తకు గూడ రాసిన దొర్సానీ."

"మీ అత్తను రమ్మను. నా మొకం చూసి తీస్కపోవాలె గని, చాటుంగ రాసుకుంటే పనిచేస్తదా?"

ఆమె వరండాలో కుర్చీలో కూర్చుని, గిన్నెలోని నూనెను గుడ్డతో వడగట్టి సీసాల్లో పోసి ఇచ్చేది. సీసాలు మావే. ఎదుటివాళ్ళు తెచ్చిన సీసాలో పోయడం దుకాణం పద్ధతి అనేది. అవి ఆమె తాగిన టానిక్కు సీసాలు. టానిక్కు కూడా మోకాళ్ళ కోసమే. నూనె అంత బాగా పనిచేస్తుంటే టానిక్కు దేనికని అడిగే చొరవ మా ఇంట్లో ఎవరికీ లేదు. ఇచ్చిన సీసాను ఆమె తిరిగి అడిగేది కాదు. ఇచ్చింది తిరిగి అడగడం మా వంశంలోనే లేదు. భూములు పోయినా, మిల్లు పోయినా ఆ ఒక్కటి పోలేదు.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. రోజు విడిచి రోజు బంద్. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పేవాణ్ణి. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు జాగీర్దారీ రద్దు, భూసంస్కరణలు నా పాఠాలే. ఆ పాఠం నాకంటే లోతుగా చెప్పేవాళ్ళు లేరని యాజమాన్యం అనేది. బంద్‌ల వల్ల సెంటర్ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ కావడంతో నేను ఎక్కువగా ఇంట్లోనే ఉండేవాణ్ణి. అందువల్ల గేటు దగ్గరి దృశ్యం రోజూ నా కళ్ళ ముందే జరిగేది. రాష్ట్రం విడిపోవాలా వద్దా అన్న విషయంలో రెండుగా చీలి, ఒకరి ఇంట్లో ఒకరు టీ తాగడం కూడా మానేసిన మా కాలనీ, మోకాళ్ళ విషయంలో మాత్రం సమైక్యంగా వరుసలో నిలబడేది.

పక్కింటి మాస్టారు గుంటూరు వైపు మనిషి, రిటైరైన లెక్చరరు. ఆయన రోజూ గోడ మీంచి పలకరించేవాడు.

"ఏవండీ, మీ అత్తయ్యగారి నూనె అమృతమండీ! నిన్న మేడ మీదికి గబగబా ఎక్కేశాననుకోండి."

ఆ మాట విన్న రోజు మా మేనత్త రెండు ముద్దలు ఎక్కువ తినేది.

కాలనీలో మురుగునీటి మోరీల పని మొదలయ్యాక, మా గోడ కింది మట్టి నల్లగా, జిడ్డుగా ఉందని ఎవరో కరెంటు ఆఫీసులో చెప్పారు. ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ముప్పై దాటని మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరిగి, వంగి, కంచు గిన్నె దగ్గర ఆగిపోయింది.

"ఈ గిన్నె ఎందుకు సార్?"

నేను చెప్పేలోపు మా మేనత్త వరండాలోంచి అడిగింది. "ఏ ఊరమ్మా మీది?"

ఆమె ఊరి పేరు చెప్పింది.

"మా గడి కింది ఊరే. మా గడి చూసినవా ఎన్నడన్న?"

"అది ఇప్పుడు ఇస్కూలు అమ్మమ్మా. నేను అండ్లనే చదువుకున్న."

"చదివితె చదివినవు గని, మా నూనె జోలికి రాకు."

ఇంజనీరమ్మ నవ్వలేదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, నల్లా కింద ఒక గాజు సీసా పట్టి, మూత బిగించి, సంచిలో పెట్టుకుంది. ఆ తరువాత నాతో విడిగా మాట్లాడింది. ఆ కాలంలో చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీ అనే విషం ఉంటుందట. ఒంట్లోకి పోతే అది తిరిగి బయటికి రాదట, కొవ్వులో కూర్చుని ఉంటుందట. చర్మం మీద పొక్కులు లేస్తాయి, కాలేయం చెడుతుంది. వేడి చేస్తే ఇంకా ప్రమాదం. పరీక్షలో లేదని తేలేదాకా ఉన్నట్టే అనుకోవాలి.

"దీన్ని ఎట్ల పడితే అట్ల తీయొద్దు సార్. ముందు నూనె మొత్తం మోటరు పెట్టి, మూత గట్టిగుండే ఇనుప డ్రమ్ములల్ల నింపుతం. కింద ట్రే పెడతం. కారిన మట్టిని తవ్వి సంచులల్ల కడతం. ఆ తర్వాత క్రేన్‌తోటి నిలువుగ లేపి, వంచకుండ లారీల పెట్టి, దానికి లైసెన్సు ఉన్న కార్ఖానాకు పంపుతం. పాత సామాన్లోళ్ళకు మాత్రం ఇయ్యకుండ్రి. వాళ్ళు సుత్తెతోటి పగలగొట్టి, నూనె నేల మీద పారబోసి, రాగి తీగ కోసం మిగిలింది కాలబెడతరు."

పాత సామాన్ల వాళ్ళు అప్పటికే దిల్‌సుఖ్‌నగర్ నుంచి చాలాసార్లు వచ్చారు. మా తాత యంత్రాన్ని తోపుడు బండి మీద పంపే ఉద్దేశం నాకు లేదు. క్రేన్ మీద, లైసెన్సు ఉన్న చోటికి అన్న మాట నాకు నచ్చింది. మా ఇంట్లోంచి ఇటీవలి కాలంలో ఏదీ అంత మర్యాదగా వెళ్ళలేదు.

కానీ ఆ వారమే కరెంటు ఉద్యోగులు కూడా సమ్మెలోకి దిగారు. ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. "సమ్మె అయిపోయినంక ఒస్త సార్. అప్పటిదాక దాన్ని ఎవ్వరు ముట్టకుండ చూడుండ్రి."

నేను ఆ సంగతి మా మేనత్తకు చెప్పాను. విషం అన్న మాట కూడా చెప్పాను. ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. వేళ్ళ మధ్య, మణికట్టు దాకా నల్లటి పొక్కులుండేవి. ఎన్నో ఏళ్ళ నుంచి ఉన్నాయవి. నూనెలోని శక్తి బయటికి వస్తున్న గుర్తులని ఆమె అనేది.

"విషమైతే ఇన్నేండ్లు నేనెట్ల బతికిన?" అంది. ఆ తరువాత మెల్లగా, "అది పోతె మన గేటు కాడికి ఎవరొస్తరు బిడ్డా?" అంది.

దానికి జవాబు ఆమే వెతుక్కుంది. క్రేన్ వచ్చేలోపు దొరికినంత నూనె దాచుకోవాలని, పనామె చేత నల్లా తిప్పించి, ఖాళీ పల్లినూనె డబ్బాల్లో పట్టించి, మూతలు బిగించి, సామాను గదిలో వరుసగా పెట్టించింది. అసలు పల్లినూనె డబ్బా కూడా ఆ వరుసలోనే ఉంది. డబ్బాలన్నీ ఒకే రకం, పైన ఒకే బొమ్మ. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చదివేవాళ్ళు నాకంటే ముందే తెలుసుకోవడం మంచిదని ఇక్కడే చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఆటో యూనియన్ నాయకుడు వచ్చాడు. వాళ్ళ తాత మా గడిలో పనిచేసినవాడు. వాళ్ళ తాత గడప అవతల నిలబడేవాడట. ఇతను వరండా ఎక్కి, మా నాన్న కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకున్నాడు.

"దొరా, రేపు ఎల్బీనగర్ చౌరస్త కాడ వంటావార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, ఆడనే వండి, ఆడనే తింటం. హైవే మీద ఒక్క బండి కదలది. ఇంటికింత సామాను ఇస్తున్నరు. మీ దిక్కెళ్ళి ఏమిస్తరు?"

"ఏం తక్కువైంది మీకు?"

"బియ్యమున్నయి, పప్పున్నది. నూనెనే తక్కువున్నది."

"సామాను గదిలో పల్లినూనె డబ్బాలుంటయి. ఒకటి తీస్కపో."

"నిండు డబ్బానా దొరా?"

"సగం డబ్బాలు ఇచ్చే ఇల్లనుకున్నావా?"

నేను లేవలేదు. మా ఇంట్లో ఇచ్చేవాళ్ళు లేవరు. చేత్తో గది వైపు చూపించానంతే. అతను డబ్బా భుజాన పెట్టుకుని "జై తెలంగాణ" అన్నాడు. నేను తల ఊపాను. అది మా ఇంటి నుంచి ఉద్యమానికి అందిన మొదటి మద్దతు.

మరునాడు పొద్దున సామాను గదిలోంచి మా మేనత్త అరుపు వినబడింది.

"నా నూనె ఎవడెత్కపోయిండు?"

"పల్లినూనె నేనే ఇచ్చిన అత్తమ్మా, వంటావార్పుకు."

"పల్లినూనె ఈడనే ఉన్నది. పోయింది నా కరెంటు నూనె!"

ఆ రెండు మాటల అర్థం నా తలకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఆమె బాధ నూనె పోయిందని. నాకు కనిపించింది చౌరస్తాలో మరుగుతున్న మూకుడు. వేడి చేస్తే ఇంకా ప్రమాదం అన్న ఇంజనీరమ్మ మాట. వందల మంది విస్తళ్ళు. నాయకుడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. డప్పుల మోతలో ఎవడికి వినబడుతుంది?

బయటికి వచ్చాను. బంద్ కదా, ఆటో లేదు, బస్సు లేదు. మా ఇంట్లో మగవాళ్ళు రోడ్డు మీద పరిగెత్తరు. ఆ నియమాన్ని మొదటి సందు మలుపు దాకా పాటించాను.

ఇంకా గేటు దగ్గరుండగానే గోడ మీంచి మాస్టారు కేకేశాడు. "ఈ బంద్‌లో ఎక్కడికండీ అంత హడావుడిగా?"

"నూనె కోసం!"

"అదేంటండీ, నూనె మీ ఇంట్లోనేగా ఉంది!"

ఎల్బీనగర్ చౌరస్తా, కదిలే బండి లేక, నేనెప్పుడూ చూడనంత శుభ్రంగా ఉంది. విజయవాడ వైపు పోయే రోడ్డు మీద లారీలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. తారు మీద రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించారు. ఒకవైపు బగారా అన్నం ఉడుకుతున్న పెద్ద గంజులు, ఇంకోవైపు మిర్చి బజ్జీల మూకుళ్ళు. డప్పులు, పాటలు, గులాబీ కండువాలు, పొగ. ఒక్కో పొయ్యి దగ్గర ఒక్కో నూనె డబ్బా. అన్నీ మా డబ్బాలాగే ఉన్నాయి. పల్లినూనె తయారుచేసేవాళ్ళు ఇంకో బొమ్మ వేయించి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

నాయకుడు మైకు దగ్గర దొరికాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. మా వంశంలో ఎవరూ వాళ్ళ వంశంలో ఎవరి చెయ్యీ పట్టుకున్నట్టు నాకు గుర్తు లేదు.

"నిన్న ఇచ్చిన డబ్బా ఏదీ?"

"ఏమైంది దొరా?"

"అది వాపసు కావాలె."

అతను నా వైపు చూశాడు. ఆ తరువాత పక్కనున్నవాళ్ళ వైపు చూశాడు. పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్న ఒకామె ముందుగా అందుకుంది.

"ఇచ్చింది వాపసా? అగో, దొరల దానం జూడుండ్రి! మా తాతలకాడ భూములు గుంజుకున్నరు, ఇయ్యాల నూనె డబ్బ గూడ గుంజుకుంటరా?"

"ఆంధ్రోళ్ళు ఫోన్ చేసిండ్రు గావొచ్చు" అన్నాడు ఎవరో.

"ఎంతైన దొర దొరనే."

చుట్టూ నవ్వులు. తల ఎత్తుకునే నిలబడ్డాను. కానీ మూకుళ్ళలో నూనె కాగుతోంది. మర్యాదలకు అది సమయం కాదు. నేను మైకు లాక్కున్నాను.

"మా ఇంటి నుంచి వచ్చిన డబ్బాలో ఉన్నది వంటనూనె కాదు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె. తింటే ప్రాణానికి ముప్పు. ఆ డబ్బా తెరిచి ఉంటే ఆ మూకుడు దించండి."

డప్పులు ఆగిపోయాయి. గరిటెలు గాల్లో నిలిచాయి. ఒక్కో డబ్బాలోకి వంగి వాసన చూడడం మొదలైంది. నాయకుడు మాత్రం కదల్లేదు. అతని ముఖం పాలిపోయి, మెల్లగా రంగు తిరిగి వచ్చింది.

"అది తెరువలే దొరా. గడి నుంచి వచ్చిన నూనె గదా, మంచిగుంటదని పెద్ద లీడర్ల వంటకని పక్కకు పెట్టిన. వాళ్ళింక రాలే."

టెంటు వెనక, మంచినీళ్ళ క్యాన్ల పక్కన, మూత బిగించినట్టే ఉంది మా డబ్బా. నాయకులు ఆలస్యంగా రావడం వల్ల ఒక మేలు జరగడం నేను చూసిన సందర్భం అదొక్కటే. మేలు జరిగింది కూడా నాయకులకే.

డబ్బా దొరికింది కాబట్టి పీడ వదిలిందనుకున్నాను. అప్పుడు ఒక ముసలామె ముందుకు వచ్చింది.

"కరెంటు నూనెనా? మన్సూరాబాద్ దొర్సాని ఇచ్చేదేనా?"

"అవును. విషం అది."

"నడిచి నడిచి మోకాళ్ళు పోయినయి బిడ్డా. జర ఇంత సీసల పోయరాదు."

"మీర్‌పేట్ కెళ్ళి మా అక్క దాని కోసమే ఒస్తుండె. నాక్కూడ జర."

నీళ్ళ సీసాలు ఖాళీ చేసుకుని జనం చేతులు చాచడం మొదలుపెట్టారు. విషం అని మైకులో చెప్పినవాడి చుట్టూ ఆ విషం కోసమే వరుస కట్టారు. అన్నంలో వద్దు గానీ మోకాళ్ళకు కావాలి. డబ్బా మోసుకుపోదామంటే దారి ఇవ్వలేదు. వదిలేస్తే మూత ఊడదీస్తారు. ఇంకో దారి తోచక నేను దాని మీద కూర్చున్నాను.

కూర్చుంటే లేవడం కుదరలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరో నా మెడలో గులాబీ కండువా వేశారు. ఎవరో మిర్చి బజ్జీ చేతిలో పెట్టారు. వీపు నిటారుగా పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాను. ఒక పత్రికాయన నాయకుణ్ణి అడగడం వినబడింది.

"ఎవరన్నా ఆయన? అంత పట్టుదలగా కూర్చున్నాడు?"

"దేశ్‌ముఖ్‌ల వారసుడు. పొద్దటి నుంచి లేస్తలేడు. తెలంగాణ వచ్చేదాక లేవడట."

ఫోటో తీశారు. మరునాడు జిల్లా పేజీలో వచ్చింది కూడా. నా కింద ఉన్న డబ్బా స్పష్టంగా కనబడుతోంది. దాని గురించి మాత్రం ఎవరూ రాయలేదు.

ఉద్యోగుల టెంటులోంచి మా ఇంజనీరమ్మ చూసి వచ్చింది. సమ్మెలో ఉన్న మనిషి కనుక డ్యూటీ మాట్లాడకూడదట. అందుకే చెవి దగ్గర వంగి అడిగింది.

"ఈ నూనె బయటికెట్ల వచ్చింది సార్?"

చెప్పాను. ఆమె నెత్తి పట్టుకుంది. "రిపోర్టు వచ్చింది సార్. పీసీబీ ఉన్నది అండ్ల. మీ అత్తమ్మతోటి నేను మాట్లాడుత, నడువుండ్రి."

ఉద్యోగుల టెంటులోని నలుగురు చుట్టూ నిలబడితేనే ఆ డబ్బా చౌరస్తా దాటింది.

ఆ సాయంత్రం ఇంజనీరమ్మ మా మేనత్త చేతులు పట్టుకుని పొక్కులు చూసింది. దవాఖానకు పోవాలని చెప్పింది. సామాను గదిలోని డబ్బాలకు తాళం వేయించింది. ఆ తరువాత అసలు మాట చెప్పింది.

"ఇంటింటికి ఇచ్చిన సీసలన్ని వాపసు రావాలె అమ్మమ్మా. ఎవరెవరికిచ్చినవో నీకే తెలుసు. పిల్లలున్న ఇండ్లు గూడ ఉంటయి గదా."

"ఇచ్చింది అడుగుమంటున్నవా నన్ను?"

"నువ్వు అడగకుంటె ఎవ్వరియ్యరు."

నేను పోయి అడుగుతానన్నాను. ఒకసారి అలవాటయింది కదా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఇచ్చింది నేను. అడిగేది నేనే."

మరునాడు మా మేనత్త కర్ర పట్టుకుని గేటు దాటింది. ఆమె కాలనీలో కాలినడకన తిరగడం అదే మొదటిసారి. నేను వెనక నడిచాను. మొదటి ఇంటి ముందు ఆగి, గొంతు సవరించుకుని, "ఏమమ్మా, నేనిచ్చిన సీస ఉన్నదా? ఒకపాలి పంపియ్యి, పనున్నది" అంది.

నూనె అనలేదు. విషం అనలేదు. సీసా అంది. నూనె అడిగితే ఇచ్చిన దానం వెనక్కి అడిగినట్టు. సీసా అడిగితే గిన్నె అడిగినట్టే, దాంట్లో తప్పు లేదు. ఆమె నేర్పును నాలో నేను ఎంతో మెచ్చుకున్నాను. ప్రతి ఇంటి ముందూ అదే మాట. ఆడవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, సీసా రేపు పంపిస్తామన్నారు. విషం గురించి నేను చెప్పబోతే కర్రతో నా కాలు తట్టింది. వాళ్ళ గుమ్మంలో నిలబడి వాళ్ళకు విషమిచ్చానని చెప్పుకోవాలా అన్నట్టు చూసింది. సీసాలు వచ్చేస్తున్నాయి కదా, ఆ మాట ఇక అనవసరమని నేనూ ఊరుకున్నాను.

సీసాలు వచ్చాయి. ఒక్కటి కూడా మిగలకుండా వచ్చాయి. కాలనీ అంతా చేతుల్లో పట్టుకుని మా వరండాకు తెచ్చింది. ఒక సీసాలో నెయ్యి. ఒక దాంట్లో తేనె. ఒక దాంట్లో కారప్పొడి, ఇంకో దాంట్లో చక్కెర. ఒకామె నువ్వుల పొడి దంచి నింపింది. దొరసాని ఇంటి సీసాను ఉత్తగా పంపడం ఎవరికి మనసొప్పుతుంది? తెలంగాణ ఇళ్ళవాళ్ళూ ఉత్తగా పంపలేదు, ఆంధ్రా ఇళ్ళవాళ్ళూ ఉత్తగా పంపలేదు.

మా మేనత్త ముఖం వెలిగిపోయింది. "చూసినవా బిడ్డా, దసరాకు గడికి గిట్లనే తెస్తుండిరి." తేకపోతే ఆ రోజుల్లో ఏమయ్యేదో ఆమె చెప్పలేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ పాఠం చెబుతాను కనుక అడగలేదు.

ఇంజనీరమ్మ వచ్చి వరండాలోని వరుస చూసింది.

"నూనె ఏది?"

"సీసలన్ని కడిగిచ్చిండ్రు. మంచోళ్ళు" అంది మా మేనత్త.

"ఏడ కడిగిండ్రు?"

"మోరిల. ఇంకేడ కడుగుతరు?"

ఇంజనీరమ్మ మెట్టు మీద కూలబడింది. ఆ కొత్త మోరీ తవ్వకంలో బయటపడిన జిడ్డు కోసమే కదా ఆమె మొదట మా గోడ దగ్గరికి వచ్చింది. కొంతసేపటికి లేచి, మోరీలో రంపపు పొట్టు పోయించాలని, జిడ్డు కనబడినంత మేర బురద తీయించాలని ఎవరికో ఫోన్ చేసింది. ఆ తరువాత మా మేనత్త పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, ఇవి తినొద్దు. ఎంత కడిగినా ఆ సీసలకు అంటిన నూనె పోదు. ఇవన్ని గూడ డ్రమ్ములకే పోవాలె."

"ఇది నెయ్యి బిడ్డా. వెన్న కాసి తెచ్చిండ్రు."

"నెయ్యి మంచిదే. సీస మంచిది కాదు."

ఆ వరుసలో ఒక్క సీసా మాత్రం వేరుగా ఉంది. పక్కింటి మాస్టారుది. అందులో మేమిచ్చిన నూనె మేమిచ్చినట్టే, మెడ దాకా ఉంది. ఇంజనీరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఈ సార్ ఒక్కరే చెప్పినట్టు చేసిండ్రు" అంది. గోడ అవతల నుంచి మాస్టారు దగ్గడం వినబడింది. మేడ మెట్లు ఆయన ఏ శక్తితో ఎక్కాడో నాకు ఇప్పటికీ తెలియదు. మా మేనత్త ఆ సీసాను చాలాసేపు చూసింది. ఆ రోజు ఆమె ముద్ద కూడా ముట్టలేదు.

సమ్మె ముగిశాక కరెంటు ఆఫీసు వాళ్ళు వచ్చారు. తొడుగులు వేసుకుని, కింద ట్రే పెట్టి, మిగిలిన నూనె అంతా మోటరుతో డ్రమ్ముల్లోకి లాగారు. డబ్బాలు కూడా అట్లాగే ఖాళీ చేశారు. నల్లబడిన మట్టిని తవ్వి సంచుల్లో కట్టారు. కంచు గిన్నెను కూడా తీసుకున్నారు. విడిగా ఒక డ్రమ్ము సీసాల కోసం తెచ్చారు. వాటిని తానే వేస్తానంది మా మేనత్త. ఆమె చేతులకు కూడా తొడుగులు వేశారు. ఒక్కో సీసా తీసి, ఇది ఫలానా ఆమె నెయ్యి, ఇది ఫలానా వాళ్ళ తేనె అని చెబుతూ, పగలకుండా అడుగున పేర్చింది. కూలీలు తొందర పెట్టలేదు.

క్రేన్ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్‌ను దాని ఇనుప చెవులకు గొలుసులు తగిలించి, ఏ వైపుకూ వంగకుండా నిలువుగా లేపారు. కాలనీ అంతా మేడల మీద నిలబడి చూసింది. లారీ మీద నిటారుగా దిగిన తరువాత, ఒక కుర్రాడు పెయింటు డబ్బా, కుంచె తెచ్చి డ్రమ్ముల మీద ప్రమాదం అని రాసి, కింద ఏదో రాయబోయి ఆగాడు.

"వేస్ట్ ఎవరిదో పేరు రాయాలె మేడమ్. రూలు."

"ఇంటి ఓనర్‌ది రాయి" అంది ఇంజనీరమ్మ.

మా మేనత్త కుర్చీలో ముందుకు జరిగింది. "ఎవరి పేరు రాస్తున్నరు?"

చెప్పాను.

"అట్లయితే నీ పేరొద్దు. యంత్రం కొన్నది మా నాయిన. ఆయన పేరు రాయమను. ముందు దేశ్‌ముఖ్ అని రాయమను. అక్షరాలు పెద్దగ ఉండాలె."

ఇంజనీరమ్మ నా వైపు చూసింది. నేను అడ్డు చెప్పలేదు. కుర్రాడు మా తాత పేరు ఎర్ర పెయింటుతో ప్రతి డ్రమ్ము మీదా రాశాడు. కాలనీ బోర్డు మీద ఎక్కని పేరు, కాలనీ నెయ్యి, తేనె ఉన్న డ్రమ్ము మీద కూడా ఎక్కింది. లారీ మా గేటు దాటి హైవే వైపు మలుపు తిరిగేదాకా ఆ అక్షరాలు కనబడ్డాయి. మా మేనత్త చూపు తిప్పలేదు. నేను లేచి నిలబడే చూశాను.